వాల్‌నట్ వీధి కూడలిలో

అమెరికాలోని లూయివిల్ నగరంలో నాలుగో వీధి, మహమ్మద్ అలీ బులెవార్డ్ కలిసే చోట చూడదగ్గ వింత ఏమీ లేదు. ఒక పక్క పాత సీల్‌బాక్ హోటల్, మిగతా వైపుల పెద్ద భవనాలు, సిగ్నల్ కోసం నిలబడ్డ జనం. కాలిబాట మీద ఆ ఫలకం లేకపోతే నేనూ దాటిపోయేవాణ్ణే. కెంటకీ రాష్ట్రం దాకా వచ్చి చర్చిలు వదిలేసి ఈ రోడ్డు చూడటం ఏమిటని మా మిత్రుడి విసుగు.

ఫలకం మీది పేరు థామస్ మెర్టన్. 1941లో ట్రాపిస్టులనే కాథలిక్ సన్యాసుల మఠంలో చేరిన రచయిత. లోకాన్ని వదిలి మౌనంలో దేవుణ్ణి వెదకాలని వెళ్లినవాడు. 1958 మార్చి 18న ఏదో పని మీద నగరానికి వచ్చి ఇక్కడ నిలబడి ఉండగా, దుకాణాల మధ్య తిరుగుతున్న ముక్కూ మొహం తెలియని ఆ జనమంతా తనవాళ్లేనని, ప్రతివారి లోతుల్లోనూ దేవుడి వెలుగు ఉందని ఒక్కసారిగా తోచింది. వీళ్లకంటే తాను వేరనుకోవడం భ్రమ అని తర్వాత రాసుకున్నాడు.

క్రైస్తవానికి ఇది కొత్త మాట కాదు. దేవుడు తన స్వరూపంలో నరుణ్ణి సృజించాడని బైబిల్లో ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. "మీరు దేవుని ఆలయమై యున్నారని ఎరుగరా" అని పౌలు అడిగింది మచ్చలేని భక్తులను కాదు, వర్గాలుగా చీలి తగవులాడుకుంటున్న కొరింథు సంఘాన్ని. నాకు ఆ ప్రశ్న ఇష్టం కావడానికి కారణం అదే.

అయితే నన్ను అక్కడ చాలాసేపు నిలబెట్టింది మరో సంగతి. మెర్టన్ చూసిన 1958 నాటి జనంలో నల్లవాళ్లకు ఈ వీధిలోని చాలా హోటళ్లలో కూర్చుని తినే హక్కు లేదు. 1961లో నల్లజాతి విద్యార్థులు ఇక్కడే బైఠాయించి అరెస్టయ్యారు. మెర్టన్ కూడా మఠంలో ఉంటూనే జాతివివక్ష మీద, యుద్ధం మీద రాశాడు. అలా రాయకపోయి ఉంటే ఆనాటి దర్శనాన్ని ఒక పూట పులకింత అని పక్కన పెట్టేసేవాణ్ణి. అప్పట్లో వాల్‌నట్ వీధి అనే ఈ బులెవార్డ్‌కి 1978లో ఈ ఊరి నల్లజాతి ముస్లిం బాక్సర్ పేరు పెట్టారు.

అక్కడి నుంచి దక్షిణంగా ఎనభై కిలోమీటర్ల దూరంలో మెర్టన్ మఠం, గెత్సెమనీ. 1848లో ఫ్రాన్సు నుంచి వచ్చిన సన్యాసులు స్థాపించారు. తెల్లవారుజామున మూడుంపావుకే మొదటి ప్రార్థన. స్మశానంలో వరుసగా ఒకే తీరు శిలువలు. మెర్టన్‌దీ అందులో ఒకటే, మఠంలో పెట్టిన లూయిస్ అనే పేరుతో. వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తుగా భావించి ఆదరించాలన్నది వీళ్లు పాటించే, బెనెడిక్టు అనే పాతకాలపు సన్యాసి రాసిన నియమావళిలోని మాట. మా సంచి అందుకున్న ముసలి సన్యాసిని అడిగాను, అది నిజంగా సాధ్యమా అని.

"అతిథులతో తేలికే. రేపు వెళ్లిపోతారు," అన్నాడు. "ప్రార్థనలో ఏళ్ల తరబడి నా పక్కన నిలబడే సోదరుడు శ్రుతి తప్పుతాడు. ఆయనలో క్రీస్తును చూడటమే కష్టం."

"మరి మీలో మీరు చూడగలరా?"

"ఆయన్ని అడిగితే నా శ్రుతి సంగతి చెబుతాడు," అని నవ్వి గంట మోగడంతో వెళ్లిపోయాడు. సాయంకాల ప్రార్థనలో వెనక బెంచీ మీద కూర్చుని, శ్రుతి తప్పేది ఎవరో పట్టుకోవాలని కీర్తనలు అయ్యేదాకా చెవి రిక్కించాను. తెలియలేదు.