టీవీకి ఎంత కరెంటు కాలుతుంది?

మా నల్గొండ వైపు ఇళ్లలో కరెంటు బిల్లు కాస్త పెరిగిందంటే మొదట నింద పడేది టీవీ మీదనే. "పొద్దాక టీవీ నడిస్తే బిల్లు రాక ఏమైతది" అని పెద్దవాళ్లు అంటారు, సీరియల్ చూస్తున్నవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద, తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లు దాటని ఇళ్లకు సున్నా బిల్లు వస్తుండడంతో, ఆ హద్దు దగ్గర ఉన్నవాళ్లకు ప్రతి యూనిట్ లెక్కే అయింది. ఈ నింద ఎంతవరకు న్యాయమో అంకెలతో చూడదలచుకున్నాను.

వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుందన్నది అందరికీ తెలిసినదే. చిక్కంతా ఆ వాట్లు ఎన్నో తెలుసుకోవడంలోనే ఉంది. మా 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ వెనుక 95 వాట్లు అని ముద్రించి ఉంది. అయితే తయారీదారులు అక్కడ సాధారణంగా రాసేది గరిష్ఠ పరిమితి. మామూలుగా బొమ్మ, శబ్దం నడుస్తున్నప్పుడు అంత కాలదు. కాబట్టి ఆ అంకెను పట్టుకుని లెక్క వేస్తే టీవీకి అన్యాయం చేసినట్టే.

దీనికి వేరే పరికరం కొనవలసిన పని లేదు. ఇంటి ముందున్న ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది, దాని పక్కనే ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది. మా మీటరు మీద ఆ సంఖ్య 3200. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు 3600 సెకన్ల పాటు, అంటే 36 లక్షలు; దాన్ని 3200తో భాగిస్తే 1125. కాబట్టి రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు తెలుస్తాయి. మీ మీటరు మీద 1600 అని ఉంటే 2250ని భాగించాలి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు, వైఫై అన్నీ బంద్ చేసి, ముఖ్యంగా ఇన్వర్టర్‌ను మరచిపోకుండా ఆపి, టీవీ ఒక్కటే నడవనివ్వాలి. ఒక మిణుకు కాకుండా వరుసగా పది మిణుకులకు పట్టిన సమయం చూసి పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది.

మా ఇంట్లో టీవీ, సెట్‌టాప్ బాక్సు కలిపి నడుస్తున్నప్పుడు మిణుకుకు 15 సెకన్లు పట్టింది, అంటే 75 వాట్లు. టీవీని స్విచ్ దగ్గర ఆపి బాక్సును మాత్రం ఉంచినప్పుడు దాదాపు 110 సెకన్లు పట్టింది, అంటే పది వాట్లు. ఆశ్చర్యమేమిటంటే రిమోట్‌తో బాక్సును ఆపిన తర్వాత కూడా ఈ అంకె పెద్దగా మారలేదు! బాక్సు పది వాట్లు పోను, రోజుకు ఆరు గంటల చొప్పున టీవీకి నెలలో సుమారు 12 యూనిట్లు అయితే, ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండే ఆ చిన్న డబ్బాకు ఏడు యూనిట్లకు పైగా కాలుతున్నాయి. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు దాన్ని గోడ స్విచ్ దగ్గరే ఆపుతున్నాం; మళ్లీ వేసినప్పుడు ఛానళ్లు రావడానికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

అసలు భారం ఎక్కడుందో కూడా చెప్పాలి. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. ఏప్రిల్, మే నెలల్లో మా ఎండలకు 150 వాట్ల కూలర్ పది గంటలు నడిస్తే మరో 45. వీటి ముందు సీరియల్ చూసేవాళ్ల పాలు స్వల్పమే.

అలాగని చిన్న మొత్తాలను కొట్టిపారేయలేం. పథకం వర్తించని ఇళ్లకు, 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం, సరిగ్గా 200 యూనిట్లకు కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ పడగానే మొదటి 200కూ యూనిట్‌కు 5.10 చొప్పున పడి అది 1,027 దాటుతుంది. ఆ అంచున ఉన్నవాళ్లు ఇంకొకటి చేయవచ్చు. దుకాణంలో మిరుమిట్లు గొలిపేలా పెట్టిన బొమ్మ వెలుగును ఇంట్లో అలాగే ఉంచనక్కర లేదు. సెట్టింగులలో దాన్ని మామూలు స్థాయికి దించాక మా మీటరు మిణుకుకు 18 సెకన్లు తీసుకుంది. అంటే 75 వాట్లు 62కు దిగాయి, నెలకు మరో రెండు యూనిట్లు మిగిలాయి.