ఓస్లో నుంచి బెర్గెన్‌కి, మైనస్ 12లో

నార్వేలో హార్డంగర్‌విద్ద పీఠభూమి మీదుగా పోయే 7వ నంబరు రోడ్డు పట్టుకున్నాం. ఫిబ్రవరి పొద్దున, మైనస్ 12 డిగ్రీలు. అద్దెకు తీసుకున్న ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 77 యూనిట్లు. ఎండాకాలంలో వంద కిలోమీటర్లకు 17 యూనిట్లతో సరిపెట్టుకునే బండి, ఆ చలికి 25 తాగింది.

గోల్ ఊళ్లో మొదటి చార్జింగ్. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మెషీన్ మీద 150 కిలోవాట్లని రాసి ఉన్నా, బ్యాటరీ చల్లగా ఉంటే 40 ఎక్కడం కూడా కష్టం. చల్లటి సెల్‌లోకి కరెంటు జోరుగా తోస్తే లిథియం ఆనోడ్ (సెల్‌లోని రుణ ధ్రువం) లోపలికి ఇంకకుండా పైనే పేరుకుంటుంది. అందుకని కారే అడ్డుపడుతుంది. మందు ఒకటే. కారు సొంత నావిగేషన్‌లో ఆ చార్జింగ్ స్టేషన్‌నే గమ్యంగా పెట్టాలి. దారిలోనే బ్యాటరీని వేడిచేసుకుంటుంది. ఫోన్ మ్యాప్‌లో పెడితే దానికెలా తెలుస్తుంది? 35 శాతంతో చేరి, 80 కాగానే ప్లగ్ తీసేశాం. ఆ పైన వేగం పడిపోతుంది, వెనక క్యూ కూడా ఉంది. ఫాస్ట్ చార్జింగ్‌కి మన దగ్గర వాడే సీసీఎస్2 రకం ప్లగ్గే ఇక్కడా. మంచుకు బిగుసుకుపోతే లాగి పెనుగులాడొద్దు: కారు అన్‌లాక్ చేసి, ప్లగ్‌ని ఒకసారి లోపలికి నొక్కి, అప్పుడు లాగాలి.

యైలో దాటాక మంచుతుపాను. రోడ్డుకి అడ్డంగా గేటు వేసేశారు, మంచు తోసే బండి వెనకే వరసగా పంపుతారట. హీటరు వేసుకుని ఎంతసేపు కూర్చోవాలో తెలియదు కాబట్టి కొండెక్కే ముందే బ్యాటరీలో మిగులు చూసుకోవాలి. ముందున్న కార్లన్నిటికీ ఈఎల్, ఈకే, ఈవీ అని మొదలయ్యే ఎలక్ట్రిక్ కార్ల నంబరు ప్లేట్లే. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం ఎలక్ట్రిక్‌వే మరి. పర్యావరణ ప్రేమ కన్నా పన్నుల లెక్కే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. పెట్రోలు కారుకు బరువు, పొగ చూసి పన్ను, ఆపైన 25 శాతం వ్యాట్. ఎలక్ట్రిక్‌కి 2023 నుంచి 2025 దాకా, ధరలో మొదటి 5 లక్షల క్రోనర్ల (నార్వే డబ్బు) వరకు ఆ వ్యాట్ ఉండేది కాదు. యూరోపియన్ యూనియన్ (ఈయూ) కొరడా మాత్రం కార్ల కంపెనీల మీద: కొత్త కార్ల పొగకు కంపెనీకి పెట్టిన సగటు హద్దు (ఈయూ మొత్తమ్మీద కిలోమీటరుకు 93.6 గ్రాముల కార్బన్ డయాక్సైడ్) దాటితే, దాటిన ప్రతి గ్రాముకీ కారుకి 95 యూరోల జరిమానా. 2025 నుంచి 2027 దాకా మూడేళ్ల సగటు చూపిస్తే చాలని తర్వాత సడలించారు.

గేటు తీశారు. సుమారు 1,250 మీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టాన ఉన్న ఐద్‌ఫ్యోర్డ్ దాకా దిగుడే. రెండు టన్నుల కారుకు ఈ దిగుడులో నాలుగు యూనిట్ల దాకా తిరిగొస్తాయి, బ్యాటరీలో చోటుంటేనే. నిండా ఎక్కించుకుని దిగేవాళ్లకు భారమంతా బ్రేకుల మీదే.