ఒక్క ఈకకు పెట్టిన పేరు

డైనోసార్ల కాలం నాటి పక్షుల వర్గీకరణను గురించి చదివినప్పుడల్లా నా ఆలోచన సుమారు 6 సెంటీమీటర్ల పొడవున్న ఒక ఈక దగ్గర ఆగిపోతుంది. బవేరియాలో, అచ్చుపనికి వాడే సున్నపురాయిని తవ్వే సోల్న్‌హోఫెన్ ప్రాంతంలో దొరికిన ఆ ఈకకు 1861లో హెర్మన్ ఫాన్ మేయర్ ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అని పేరు పెట్టాడు. మొదటి మాటకు పురాతనమైన రెక్క అని అర్థం, రెండవది ఆ అచ్చురాయిని సూచిస్తుంది. రాయి పలకలుగా చీలడంతో ఈక ముద్ర ఒక పలకపై బెర్లిన్‌లోనూ, మరొక పలకపై మ్యూనిక్‌లోనూ ఉంది.

జాతి పేరు ఏదైనా ఒక ప్రామాణిక నమూనాకు కట్టుబడి ఉంటుంది; కొత్తగా దొరికినవాటిని దానితో పోల్చి చూడాలి. పళ్ళు, గోళ్ళు, పొడవైన తోక ఎముకలు ఉన్న అస్థిపంజరాన్ని ఒంటరి ఈకతో ఎలా పోల్చగలం? అందుకే 2011లో జంతు నామకరణ అంతర్జాతీయ సంఘం లండన్‌లో ఉన్న ఆర్కియోప్టెరిక్స్ అస్థిపంజరాన్ని ప్రామాణిక నమూనాగా నిర్ణయించింది. ఇది ఆలస్యంగానైనా సరైన నిర్ణయమని నా నమ్మకం, ఎందుకంటే ఆ ఈక అసలు ఆర్కియోప్టెరిక్స్‌దేనా అన్న వాదం 2019లో లేజర్ పరీక్షతో మళ్ళీ తలెత్తింది.

ఎముకల కీలు అంతకంటే గట్టి ఆధారం. నేటి పక్షుల భుజంలో, వీపు వైపు ఉండే భుజఫలకానికి ఉన్న చిన్న బుడిపె, భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే కొరాకాయిడ్ అనే ఎముకలోని గుంటలో కూర్చుంటుంది. అర్జెంటీనాలో దొరికిన, డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ నాటి పక్షుల ఎముకల్లో గుంట భుజఫలకంలోనూ, బుడిపె కొరాకాయిడ్‌పైనా ఉండడం గమనించిన సిరిల్ వాకర్, 1981లో వాటికి వ్యతిరేక పక్షులు అనే అర్థం వచ్చేలా ఎనాన్షియోర్నిథీస్ అని పేరు పెట్టాడు. వేలెడంత లేని ఆ కీలు చూపిన వర్గమే క్రెటేషియస్ పక్షుల్లో మనకు తెలిసినంతలో అన్నిటికంటే పెద్దది; ఆ పేరు నేటికీ చెక్కుచెదరలేదు.

చైనాలోని లియావోనింగ్‌లో వందలకొద్దీ దొరికిన కన్ఫూషియసోర్నిస్ అనే క్రెటేషియస్ పక్షి శిలాజాల్లో కొన్నిటికి తోక వెంట రెండు పొడవైన ఈకలున్నాయి, కొన్నిటికి లేవు. ఈ ఒక్క తేడాను పట్టుకుని వాటిని రెండు జాతులుగా విడదీయడం ఎంత పొరపాటో 2013లో మరింత స్పష్టమైంది: పొడవైన ఈకలు లేని ఒక పక్షి ఎముక లోపల, గుడ్డు పెంకు తయారీకి సున్నం అందించే ప్రత్యేక ఎముక పొర ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. అది గుడ్లు పెట్టే వయసులో ఉన్న ఆడపక్షి.