ఉప్పు కాగితం పక్కన పెట్టు

“ఈ పని ఎవరు చేశారు?” అన్నాడు తుపాకీలు బాగుచేసే ఆ ముసలాయన, నా తుపాకీ ట్రిగ్గర్ గార్డు మీద, అంటే మీట చుట్టూ ఉండే కమ్మీ మీద, వేలు పెట్టి.

“నేనే” అన్నాను. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగానే అన్నాను. రెండు ఆదివారాలు కూర్చుని రుద్దితే వచ్చిన మెరుపు అది. మొహం చూసుకోవచ్చు.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఉప్పు కాగితం పక్కన పెట్టు. ఇంట్లో ఇంకా ఉంటే పారెయ్యి” అన్నాడు. అంతే. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

బర్మింగ్‌హామ్ వచ్చి తొమ్మిదేళ్ళు. షిఫ్టులో సూపర్‌వైజర్ అరిచినా, బస్సులో ఎవడో ఏదో గొణిగినా, ఇంటికొచ్చి అన్నం తినేసరికి మర్చిపోయే రకం నేను. ఈ ఒక్క మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. నెల రోజుల సెలవు మీద వరంగల్ వచ్చి, కరీమాబాద్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చున్నా అదే తిరుగుతోంది బుర్రలో.

ముందు తుపాకీ సంగతి చెప్పాలి. లేకపోతే మీరు కూడా మా అమ్మలాగే “తుపాకి రాముని లెక్క తయారైనవా బిడ్డా?” అంటారు. నాతో పనిచేసే ఒక తెల్లాయన ఒక ఆదివారం తనతో తీసుకెళ్ళి, గాల్లోకి ఎగిరే బిళ్ళలను కాల్చడం నేర్పించాడు. పిట్టలు కావు, నారింజ రంగు మట్టి బిళ్ళలు. మొదటి బిళ్ళ పగిలినప్పుడు నాకంటే ఆయనే ఎక్కువ ఎగిరాడు. తుపాకీ ఉంచుకోవడానికి కావాల్సిన సర్టిఫికెట్ దరఖాస్తులో నన్నెరిగినవాడిగా సంతకం పెట్టింది కూడా ఆయనే. డాక్టరు కాగితం, గోడకు బోల్టులేసి బిగించిన ఇనుప బీరువా, పోలీసు ఇంటికి రావడం, అన్నీ అయ్యాక ఐదేళ్ళు చెల్లే సర్టిఫికెట్ ఇచ్చారు. పోలీసు వస్తాడన్న ముందు రాత్రి నాకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఆయన వచ్చి, బీరువా గుంజి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి, మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి పోయాడు.

ఫోన్లో చెప్తే బాపు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి “గది ఇంట్లనే వెట్టుకుంటవా?” అన్నాడు. ఆయన్నేమీ అనలేను. మా వైపు తుపాకీ అంటే ముందు గడీలో దొర గోడకు వేలాడింది. ఆ తర్వాత దళం భుజాన, పోలీసుల భుజాన తిరిగింది. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి జవాబు చెప్పుకున్న ఊళ్ళు మావి. ఆటకు తుపాకీ అంటే ఆయనకు ఎక్కేలా చెప్పడం నా వల్ల కాలేదు. మట్టి బిళ్ళల గురించి చెప్తే “గంతదానికి గులేరు సాలదా?” అన్నాడు.

ఊరవతల ఒక డీలరు దుకాణంలో, వెనక వరసలో దొరికింది ఈ జోడు గొట్టాల తుపాకీ. గొట్టం లావు లెక్కలో 12 బోరు. 180 పౌండ్లు, మన లెక్కలో 20 వేలకు అటూ ఇటూ. ఇప్పుడందరికీ గొట్టం మీద గొట్టం ఉన్నవే కావాలి, పక్కపక్కన ఉన్న పాతవాటిని అడిగేవాళ్ళు తక్కువ. గొట్టాల మధ్య పట్టీ మీద ఏదో చిన్న ఊరి దుకాణం పేరు చెక్కి ఉంది గానీ తయారైంది బర్మింగ్‌హామ్‌లోనే. అక్కడ చేసి, దేశమంతా ఉన్న దుకాణాల పేర్లు చెక్కి పంపడం ఆ రోజుల్లో మామూలే. గొట్టాలు విప్పి అడుగున చూస్తే కిరీటాల కింద బీవీ, బీపీ, ఎన్‌పీ అని ముద్రలు. 1813లో పెట్టిన ప్రూఫ్ హౌస్ ఆ ఊళ్ళో ఇప్పటికీ నడుస్తోంది. మామూలు తూటా కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం తట్టుకుంటేనే ముద్ర కొడతారు. ఈ రకం ముద్రలు 1904 నుంచి 1954 దాకా వాడారు. అంటే ఎంత లేదన్నా బాపు ఈడుది.

ముసలాయన దగ్గరికి వెళ్ళింది గొట్టంలో తూటా కూర్చునే గది లోతు చూపించుకోవడానికి. ఇలాంటి పాతవాటిలో చాలావాటికి రెండున్నర అంగుళాల తూటాలే పడతాయి. దుకాణంలో ఎక్కువగా దొరికే రెండు ముప్పావు అంగుళాలవి పెడితే ఒత్తిడి పెరిగి ప్రమాదం. నాదీ రెండున్నరే. గొట్టం గోడ మందం కూడా కొలిచాడు. అంగుళంలో వెయ్యో వంతులు 20కి తగ్గితే వద్దంటాడట, అంటే అర మిల్లీమీటరు. నా దాంట్లో అన్నిటికంటే పలచని చోట 24 ఉంది. తర్వాత గొట్టాలను కొక్కేనికి వేలాడదీసి వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమని గుడిగంటలా మోగి, మెల్లగా సద్దుమణిగింది. మధ్య పట్టీ అతుకు వదిలి ఉంటే బొంగురుపోతుందట. ఆయన మొహం విప్పారింది. సరిగ్గా అప్పుడు కనపడింది నా మెరుపు.

తప్పు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. కారు ఇంజన్లలోకి పోయే భాగాలను కొలిచి పాసా ఫెయిలా చెప్పడం నా ఉద్యోగం. గీత కనపడిందా, ఎర్ర డబ్బాలోకి. రోజుకు ఎనిమిది గంటలు గీతలు వెతికే కళ్ళతో ఇంటికొచ్చి ఆ తుపాకీని చూస్తే అది మొత్తం ఎర్ర డబ్బా సరుకే.

కారులో తిరిగొస్తూ అనుకున్నవి మాత్రం వేరు. నా రంగు చూసి అన్నాడా? తెల్ల పిల్లగాడు తెస్తే ఇదే మాట నవ్వుతూ చెప్పేవాడా? పాతదాన్ని పాతగా ఉంచడం మాకు తెలియదనుకున్నాడా? స్టీరింగు మీద చేతులు పెట్టి ఆయనతో వాదన పెట్టుకున్నాను. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం తెలుసా నీకు? 2006లో విప్పారు. నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఆ రాళ్ళు నంబర్లేసి పేర్చి ఉండేవి. 2024 శివరాత్రికి మళ్ళీ నిలబెట్టి తెరిచారు. (మధ్యలో 18 ఏళ్ళు పట్టిన సంగతి వాదనలో తేలేదు.)

ఇంకో మైలు పోయాక, పోనీ, మేం రుద్దేవాళ్ళమే, అయితే ఏంటి అనిపించింది. నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె మీద ఆమె పేరు, ఊరు చుక్కచుక్కగా కొట్టించి ఉండేది. శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తోమీ తోమీ ఇప్పుడు పేరులో రెండక్షరాలు మిగిలాయి, ఊరు పోయింది. ఇంట్లో ఎవరైనా దిగులు పడ్డారా? ఇప్పటికీ అందులో నీళ్ళు పడుతున్నాం. వీళ్ళకేమో వందేళ్ళ మురికి మీద కూడా ప్రేమే.

ఇంటికెళ్ళి ట్రిగ్గర్ గార్డును దీపం కింద పెట్టి చూశాను. అంచున చిన్న ఆకుల తీగ చెక్కి ఉంది. ఎడమ వైపు, నేను రుద్దని చోట, ఒక్కో ఆకుకు ఈనెలు కూడా ఉన్నాయి. కుడి వైపు ఆకులు లేవు, ఆకులున్న జాడ ఉంది. ఎవరో ఒక మనిషి చిన్న ఉలి పట్టుకుని, ఒక్కో ఈనెకూ ఊపిరి బిగబట్టి గీసి ఉంటాడు. చింతపండుతో అరగడానికి అరవై ఏళ్ళు పట్టేది నేను రెండు ఆదివారాల్లో అరగదీశాను. బిందెతో పోలిక అక్కడ తెగిపోయింది.

ట్రిగ్గర్ స్ప్రింగు మార్చడానికి తర్వాత మళ్ళీ వెళ్ళి తుపాకీ ఆయన దగ్గరే వదిలాను. మూడు వారాల తర్వాత తెచ్చుకోవడానికి వెళ్తే, డబ్బు తీసుకుని, సొరుగులోంచి ఒక రెండు పెన్నీల బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. చిల్లర అనుకున్నాను. “1985ది. 92 తర్వాతివి ఇనుము, పైన రాగి పూత. అయస్కాంతానికి అంటుకుంటాయి, పనికిరావు” అన్నాడు. తుప్పు మీద ఒక నూనె చుక్క వేసి, బిళ్ళ అంచుతో గీకి చూపించాడు. తుప్పు ఎర్రటి బురదలా లేచొచ్చింది, కింద గొట్టం నలుపు నలుపుగానే ఉంది. “నా దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ ఇదే ఇస్తాను” అన్నాడు. అందరికీ. ఆ మాటతో కారులో నేను వాదించినవన్నీ ఎటో పోయాయి. పూర్తిగా పోయాయని చెప్పను.

కర్ర పని నాకే వదిలేశాడు. సొట్టల మీద తడిబట్ట వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి కర్ర ఉబ్బి పైకొస్తుంది. తర్వాత అవిసె నూనె, అరచేతి వేడి పుట్టేదాకా రుద్దడం, ఒక పూత ఆరాకే ఇంకొకటి. మా ఆవిడ నెల రోజులు ముక్కు మూసుకుని వంట చేసింది.

నిన్న పొద్దున బిళ్ళ బాపుకు చూపించాను. ఆయన ఆజంజాహి మిల్లులో ఫిట్టరు. 1934లో పెట్టిన మిల్లు, మూతపడేదాకా అందులోనే చేశాడు. నేను రాగి, ఇనుము అని మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇనుము మీద గీత వడొద్దంటే మెత్తటిదే వాడాలె. షాఫ్టు కొట్టాల్నంటే మేం ఇత్తడి కడ్డీ వెట్టి కొడుతుంటిమి. గిది జెప్పనీకి గంత దూరం వోయినవా?”

తర్వాత పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. మిల్లు రోజుల నాటి తన వైసు, ఇనుప ముక్కలను బిగించి పట్టేది, తుప్పు పట్టి ఇన్నేళ్ళుగా గోడ పక్కన పడి ఉన్నది, దాని ముందు గొంతుకూర్చుని రాణిగారి బొమ్మ పైకి పెట్టి గీకుతున్నాడు. పక్కన కొబ్బరినూనె సీసా. ఆ సీసా వెతుక్కుంటూ వచ్చిన అమ్మ “గీ పైస ఈడ చెల్లుతదా?” అంది.

“చెల్లుతుంది గదా” అన్నాడు బాపు, తలెత్తకుండా. “నువ్వు ఆడ ఇంకోటి జూస్కో.”

చూసుకోవాలి. వెళ్ళగానే చిల్లర డబ్బా, ఒక అయస్కాంతం.