60 దాటగానే మొదలయ్యే మోత: కారులో శబ్దం ఎక్కడిదో పట్టుకున్న నా అనుభవం

మా కారుకి ఈ మోత ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ఇలాంటివి ఒక్క రోజులో రావు. రోజూ నడిపేవాళ్ల చెవి అలవాటు పడిపోతుంది, పాటల సౌండు కాస్త పెంచుకుంటాం, ఏసీ ఫ్యాను చప్పుడేలే అనుకుంటాం, అలా నెలలు దొర్లిపోతాయి. గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేటు దాటాక, వెనక సీట్లో ఉన్న మా అత్తగారు "ఏం బాబూ, బండి ఇలా రొద పెడుతోందేంటి, దారిలో ఆగిపోదు కదా?" అన్నారు. ఆవిడ మా కారు ఎక్కేది ఏడాదికి ఏ ఒకటి రెండు సార్లో కాబట్టి ఆవిడకి వెంటనే తెలిసింది.

పాటలు ఆపి, ఏసీ ఫ్యాను తగ్గించి, అద్దాలన్నీ ఎత్తేసి విన్నాను. 60 దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి గుయ్‌మని సన్నగా అందుకుని, 80, 90 మధ్య వెనక సీటు వాళ్లతో గొంతు పెంచి మాట్లాడాల్సినంత అయింది. స్టీరింగ్ వణకడం లేదు, బండి ఒక పక్కకి లాగడం లేదు, మీటర్లో లైట్లేమీ వెలగలేదు. ఉన్నదల్లా మోత ఒక్కటే.

మామూలు సర్వీసుకి ఇచ్చినప్పుడు అక్కడ చెప్పాను. అడ్వైజర్ కుర్రాడు వచ్చి టైరు మీద అరచేత్తో రాసి చూసి, "సార్, టైర్లు ఎగుడుదిగుడుగా అరిగాయి, ఆ సౌండే. నాలుగూ మార్చేద్దాం" అని అక్కడికక్కడే 24 వేలకి ఎస్టిమేటు రాసిచ్చాడు. అతను చెప్పింది మరీ కొట్టిపారేసేది కాదు. టైరు మీది రబ్బరు దిమ్మలు ఎగుడుదిగుడుగా అరిగితే అచ్చం ఇలాంటి మోతే వస్తుంది. కానీ బండి తీసి నడపలేదు, కనీసం ఎంత స్పీడులో వస్తోంది సార్ అని కూడా అడగలేదు. నిలబెట్టిన బండిని చూసి నడిచే బండి జబ్బు చెప్పేశాడు. టైర్ల మీద ఇంకా సగానికి పైగా గాడి ఉంది. వద్దని చెప్పి బండి తెచ్చేసుకున్నాను.

అప్పటి నుంచి దీని సంగతి నేనే చూద్దామనిపించింది. నేను మెకానిక్‌ని కాదు, ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునేవాణ్ణి. అయితే శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది అని వెతికితే చెవి మోసం చేస్తుంది, ఎందుకంటే కారు బాడీ అంతా రేకు, ముందు చక్రం దగ్గర పుట్టిన అదురు ఫ్లోరు రేకు వెంబడి వెళ్లి వెనక ఎక్కడో మోగుతుంది. ముందు తేల్చుకోవాల్సింది అది దేన్ని బట్టి పెరుగుతోంది, దేన్ని బట్టి తగ్గుతోంది అని. ఇంజన్ స్పీడునా, బండి స్పీడునా, రోడ్డునా, మలుపునా, బ్రేకునా. ఈ అయిదింటిలో ఏది మారిస్తే శబ్దం మారుతుందో తెలిస్తే సగం సామాన్లు లిస్టులోంచి వాటంతటవే కొట్టుకుపోతాయి.

ఆదివారం పొద్దున్నే మా బామ్మర్దిని వెంటేసుకుని మంగళగిరి వైపు హైవే ఎక్కాం. తోడు మనిషి తప్పనిసరి, రోడ్డు చూస్తూ చెవులు రిక్కించి వినడం ఒకడి వల్ల అయ్యే పని కాదు. వాణ్ణి ఒకసారి ముందు సీట్లో, ఒకసారి వెనక ఎడమ పక్క, ఒకసారి వెనక కుడి పక్క కూర్చోబెట్టాను. "బావా, పెళ్లిచూపులకి కూడా నన్నిన్ని సార్లు లేపి కూర్చోబెట్టలేదు" అని వాడి గోల వాడిది.

మొదటిది ఇంజన్ సంగతి. 80లో వెళ్తూ, వెనక బళ్లేమీ లేనప్పుడు, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేశాను. ఇంజన్ ఐడిలింగ్‌కి పడిపోయింది, మోత మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు, బండి స్పీడు తగ్గేకొద్దీ మెల్లగా సన్నబడుతూ వచ్చింది. దాంతో బెల్టు, ఆల్టర్నేటర్, సైలెన్సర్, ఇంజన్ మౌంట్లు అన్నీ బయటికి. ఇక్కడ ఒక మాట, ఈ పరీక్ష కోసం తాళం తిప్పి ఇంజన్ మాత్రం ఆపకండి, ఇంజన్ ఆగితే బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అదే స్పీడులో నాలుగో గేరు, అయిదో గేరు మార్చి కూడా చూశాం. తేడా లేదు. కాబట్టి ఇది చక్రాలతో పాటు తిరిగేదేదో.

రోడ్డు సంగతి ఇంకా బాగా తెలిసింది. టైరు మోత అయితే రోడ్డు మారగానే గొంతు మారుతుంది, కొత్తగా వేసిన తారు మీద మెత్తబడుతుంది, గరుకు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద రెచ్చిపోతుంది. మాకు వచ్చే గుయ్ మాత్రం కొత్త తారు మీద ఇంకా స్పష్టంగా వినపడింది, మిగతా చప్పుళ్లు తగ్గాయి కదా. టైర్ల మీద నాకున్న అనుమానం అక్కడే చాలావరకు తీరింది. బ్రేకు మెల్లగా తొక్కితే తేడా రాలేదు, అంటే ప్యాడ్లు కాదు. ప్యాడ్లు అరిగితే వచ్చేది కీచు, అది వేరే రకం. ఇంజన్ బలాన్ని చక్రాలకి అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు పోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా మలుపు తీసుకున్నప్పుడు టకటకటక అంటుంది. ఖాళీ స్థలంలో రెండు పక్కలా గిరగిరా తిప్పి చూశాం, అదీ లేదు.

ఇక మలుపు. అసలు ఆచూకీ దొరికింది దీని దగ్గరే. 70, 80లో ఖాళీగా ఉన్న చోట, లేన్ దాటకుండా, స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకి కాస్త, కుడికి కాస్త ఊపాలి. ఎడమకి తిప్పితే బండి బరువు కుడి చక్రాల మీదకి వాలుతుంది, కుడికి తిప్పితే ఎడమ చక్రాల మీదకి. చక్రం బేరింగ్, అంటే చక్రం నున్నగా తిరగడానికి రెండు రింగుల మధ్య గుండ్లు పెట్టి చేసిన భాగం, పాడైతే దాని మీద బరువు పడినప్పుడు అరుస్తుంది. మా బండి ఎడమకి తిప్పగానే ఊఁ అని లేచింది, కుడికి తిప్పగానే దాదాపు నోరు మూసుకుంది. మళ్లీ మళ్లీ అదే. అంటే కుడి పక్క, డ్రైవర్ సైడు బేరింగ్. ప్రతిసారీ ఇంత సూటిగా తేలుతుందని అనుకోవద్దు, కొన్ని బళ్లలో రెండు పక్కలా ఒకేలా మోగుతుందని తర్వాత మేస్త్రి చెప్పాడు.

తమాషా ఏంటంటే మా బామ్మర్ది అంతసేపూ "వెనక ఎడమ పక్క నుంచి వస్తోంది బావా, నా సీటు కిందే" అని పందెం కాశాడు. రేకు మోసం అంటే అదే. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద ఇంకో పని చేశాం, కుడి అద్దం దించి మధ్య గోడ పక్కనున్న లేన్లో పోయాం. చక్రం చప్పుడు గోడకి తగిలి తిరిగి చెవిలో పడుతుంది. ముందు సీట్లో నాకు గట్టిగా, వెనక కుడి అద్దం దగ్గర వాడికి తక్కువగా వినపడింది. వాడు అప్పుడు కూడా ఒప్పుకోలేదనుకోండి.

అయినా 24 వేల ఎస్టిమేటు బుర్రలో తిరుగుతూనే ఉంది కాబట్టి, ఇంటి దగ్గర పంక్చర్ షాపులో ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. దానికయ్యింది రెండొందలు. టైర్ల వల్ల అయితే మోత చోటు మారాలి, లేదా గొంతైనా మారాలి. ఏమీ మారలేదు. ఎవరైనా టైర్లు మార్చమంటే ముందు ఈ రెండొందలు ఖర్చు పెట్టండి.

ఇక ఆటోనగర్. విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి ఒక ముక్క: లారీ ఛాసిస్‌ల దగ్గర నుంచి గుండుసూది దాకా బండికి సంబంధించింది ఏదైనా అక్కడ దొరుకుతుంది, లేకపోతే లేత్ మీద చేసిస్తారు. పక్కవీధిలో ఫ్రంట్ వీల్ పనులు మాత్రమే చేసే ఒక మేస్త్రి ఉన్నాడని మా కొలీగ్ చెప్తే వెళ్లాను. నేను కనిపెట్టింది చెప్పకుండా, "హైవే మీద మోత వస్తోంది మేస్త్రీ, ఒకసారి నడిపి చూడండి" అన్నాను అంతే. ఆయన బందర్ రోడ్డు ఎక్కి కాస్త దూరం పోయి, స్టీరింగ్ రెండు సార్లు ఊపి, "ముందు కుడి బేరింగ్ సార్" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, జబ్బు ఖాయమైనందుకు సంబరపడే రోగిని నేనేనేమో.

జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) ఏమీ లేదు. ఆట లేదంటే బేరింగ్ బాగున్నట్టు అని చాలామంది అక్కడే ఆగిపోతారు. మేస్త్రి నన్ను పిలిచి, "చెయ్యి ఇక్కడ పెట్టండి సార్" అని సస్పెన్షన్ స్ప్రింగు చుట్ట మీద నా వేళ్లు పెట్టించి చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పాడు. వేళ్ల కొసలకి సన్నగా గరగరమని తెలిసింది, ఇసుక రుబ్బుతున్నట్టు. ఎడమ చక్రానికి అలాగే చేస్తే నున్నగా తిరిగింది. చెవికి ఏమీ వినపడని స్పీడులో కూడా స్ప్రింగు చెప్పేస్తుంది. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు.

మా బండిలో బేరింగ్ ప్రెస్సుతో (గట్టిగా నొక్కే యంత్రంతో) ఎక్కించే రకం, బోల్టులు విప్పి హబ్బుతో (చక్రాన్ని బిగించే మధ్య భాగంతో) సహా మార్చేసే రకం కాదు. నకిల్, అంటే బేరింగ్‌ని పట్టి ఉంచే లోహపు దిమ్మ, మొత్తం ఊడదీసి ప్రెస్ ఉన్న షాపుకి పట్టుకెళ్లాలి. నేనూ వెంట వెళ్లాను. హబ్బు బయటికి తోసినప్పుడు బేరింగ్ లోపలి రింగు హబ్బుకే పట్టుకుని ఉండిపోయింది, దాన్ని గ్రైండర్‌తో గాటు పెట్టి ఉలితో విడగొట్టారు. కొత్తది ఎక్కించేటప్పుడు చూడాల్సినవి రెండు. ఒకటి, నకిల్‌లోకి నొక్కేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడాలి, హబ్బు దించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆసరా ఉండాలి. అడ్డదిడ్డంగా నొక్కితే ఆ బరువంతా మధ్యలో గుండ్ల మీదుగా పోయి రింగులకి నొక్కులు పడతాయి, కొత్త బేరింగే కొన్నాళ్లకి మోత మొదలుపెడుతుంది. రెండోది, మా దాంట్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు చదివే అయస్కాంతపు పట్టీ బేరింగ్‌కి ఒక పక్కనే ఉంటుంది. తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ అంతా విప్పాలి. ప్రెస్ కుర్రాడు జేబులోంచి గుండుసూది తీసి బేరింగ్ రెండు వైపులా ఆనించి చూశాడు. ఒక వైపు ఊరికే జారిపోయింది, నల్లటి సీలు ఉన్న వైపు చిన్నగా అంటుకుంది. "ఇది లోపలికి అన్నా" అని పెన్నుతో గీత గీసుకున్నాడు. వాడికి ఇరవై కూడా ఉండవు.

పాత బేరింగ్ నేను అడిగి తీసుకున్నాను. విడగొట్టి పెట్రోలుతో కడిగితే లోపలి దారి మీద ఒక చోట గోరంత పెచ్చు లేచి ఉంది, చుట్టూ తుప్పు మచ్చలు. గ్రీజు ఉండాల్సిన రంగులో లేదు, మట్టి రంగు ముద్ద. మేస్త్రి దాన్ని చూసి, "నీళ్లు తాగింది సార్. వరదలో దించారా?" అన్నాడు. దించాల్సి వచ్చింది మరి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోకి వచ్చినప్పుడు మా వీధిలో బండి నీళ్లలోనే ఉంది. ఇంజన్‌లోకి నీళ్లు పోలేదు, సీట్లు ఆరబెట్టి నడిపేసుకున్నాం. బేరింగ్ సీలు అనేది రోడ్డు మీద చిందే నీళ్లని ఆపడానికి, రోజుల తరబడి మునిగి ఉండటానికి కాదు. అక్కడ దూరిన చెమ్మ మెల్లగా తుప్పై, తుప్పు గుంటై, ఇన్ని నెలలకి నోరు తెరిచిందన్నమాట.

లెక్క వేస్తే ముచ్చటగా ఉంటుంది. 80లో మా టైరు సెకనుకి పదకొండు, పన్నెండు చుట్లు తిరుగుతుంది. బేరింగ్‌లో ఒక్కో వరసకి డజనుకి పైగా గుండ్లు. ఒక్కో గుండు ఆ పెచ్చు మీదుగా దొర్లినప్పుడల్లా ఒక చిన్న దెబ్బ. సెకనుకి పదుల కొద్దీ దెబ్బలు పడితే అవి విడివిడిగా వినపడవు, అన్నీ కలిసి గుయ్ అవుతాయి. చక్రానికి అంటుకున్న రాయైతే చుట్టుకి ఒక దెబ్బే కాబట్టి మెల్లగా పోతున్నప్పుడు టక్ టక్ అని లెక్కపెట్టుకోవచ్చు.

హబ్ నట్టు కొత్తది వేయించాను, టార్క్ రెంచితో (ఎంత బిగువుగా తిప్పామో కొలిచే రెంచితో) కంపెనీ చెప్పిన లెక్కకి బిగించమన్నాను. మేస్త్రి కాస్త చిన్నబుచ్చుకున్నాడు, "నా చెయ్యే టార్క్ రెంచి సార్" అన్నాడు గానీ పక్క షాపు నుంచి తెప్పించాడు. బేరింగు, నట్టు, ప్రెస్ కూలీ, మేస్త్రి కూలీ అన్నీ కలిపి మూడున్నర వేల లోపే. "ఎడమది కూడా మార్చేద్దాం సార్, అదీ అదే నీళ్లలో ఉంది కదా" అన్నాడు. మాటలో న్యాయం ఉంది, కానీ నేను స్ప్రింగు మీద చెయ్యి పెట్టి మళ్లీ తిప్పి చూశాను, నున్నగానే ఉంది. నోరు తెరిచినప్పుడు చూద్దాం అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు హైవే ఎక్కి 90 దాకా పోయాను. గుయ్ లేదు. దాని కింద ఇన్నాళ్లూ మునిగిపోయి ఉన్న ఇంకో చప్పుడు మాత్రం బయటపడింది: చిన్న గతుకు పడితే చాలు ముందు నుంచి కటక్ మంటోంది. స్పీడుతో సంబంధం లేదు, స్టీరింగ్‌తో లేదు, గతుకుతోనే. సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్ అయి ఉంటుంది. వచ్చే ఆదివారం మళ్లీ మా బామ్మర్దికి ఫోన్ చెయ్యాలి.