కిటికీ గట్టు మీద గ్లాసు

బెంగళూరులో బీఏ ఫస్టియర్ చేరి మూడు నెలలైంది, సోషియాలజీ అంటే బట్టీ కొట్టే సబ్జెక్టే అనుకున్నా గానీ ఇప్పుడు అదే నన్ను నిద్రపోనివ్వట్లేదు. మొన్న క్లాసులో ఎం.ఎన్.శ్రీనివాస్ అనే సోషియాలజిస్టు గురించి చెప్పారు, మైసూరులో పుట్టినాయన, 1948లో ఆ పక్కనే ఒక పల్లెలో (రాంపుర అని పేరు మార్చి రాశారు) ఉండి ఎవరింట్లో ఎవరు తింటారో, ఎవరెక్కడ కూర్చుంటారో అన్నీ రాసుకున్నారంట, 1970లో అమెరికాలో ఆ నోట్సు మంటల్లో పోతే జ్ఞాపకాల మీదే పుస్తకం రాశారు, ఎంత ఓపికో చూడండి!

ఆ సాయంత్రమే మారతహళ్లిలో పిన్ని వాళ్లింటికెళ్లా. పనికొచ్చే అక్క టీ తాగి, గ్లాసు తనే కడిగి కిటికీ గట్టు మీద బోర్లించింది. అంచు సొట్టపోయిన స్టీల్ గ్లాసు, ఎన్నేళ్ల నుంచో చూస్తున్నా, అది మా గ్లాసుల్లో ఎప్పుడూ కలవదు. పిన్ని చెడ్డది కాదు, ఆ అక్క కూతురి స్కూలు ఫీజు కూడా కట్టింది, అయినా గ్లాసు మాత్రం వేరే. ఫ్రెంచ్ సోషియాలజిస్టు దుర్ఖైమ్ 1895లో సామాజిక వాస్తవం అన్నది ఇదే కదా, మనం పుట్టకముందే ఉండి మన చేత చేయించేది.

రాత్రి పిన్నిని అడిగేశా. "మీ అమ్మమ్మ కూడా అట్లనే చేసేదిరా" అని చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నా.