పులికాట్‌లో బయానా

సూళ్లూరుపేటలో లోకల్ ట్రైన్ ఎక్కి, పొన్నేరిలో దిగి బస్సు పట్టుకుని పులికాట్ చేరేసరికి పదకొండు దాటింది. తమిళులకిది పళవేర్కాడు. ఫ్లెమింగోల కోసం నెల్లూరు వైపు నుంచి ఈ సరస్సును ఎన్నోసార్లు చూశాను. ఈసారి వచ్చింది వలందుల కోసం. డచ్చివాళ్లను మనవాళ్లు అలాగే పిలిచేవారు, బందరులో వలందపాలెం వాళ్ల పేరే.

1613 నాటి వలందుల గెల్డ్రియా కోట కోసం వెతికితే ముళ్లకంపల కింద ఇటుకల దిబ్బ దొరికింది. వాళ్ల శ్మశానం మాత్రం బాగుంది. గేటుకు రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు, లోపల వంశచిహ్నాలు చెక్కిన నున్నటి రాళ్లు. తాళం ఉన్నాయన భోజనానికి వెళ్లడంతో గంటసేపు ఎండలో నిలబడ్డాను.

ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే మన బట్ట కావాలి. ఆ బట్టను వలందులకు సమకూర్చిన పెద్ద షావుకార్లు అచ్యుతప్ప చెట్టి, చిన్నన్న చెట్టి అన్నదమ్ములు, మన బలిజలే. షావుకారు బయానా ఇస్తే నేతగాడు నూలు, బియ్యం కొనుక్కుని మగ్గం ఎక్కేవాడు. ఈ తీరంలో నేతగాడికి ఒక వెసులుబాటు ఉండేది. బేరం నచ్చకపోతే బయానా తిరిగిచ్చేసి ఇంకొకరికి నేయొచ్చు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కంపెనీ దాన్ని కూడా లాగేసుకుంది.

అయితే ఇదంతా వానలు పడ్డ ఏళ్ల మాట. బియ్యం ధర పెరిగితే అదే కూలికి సగం కడుపే నిండేది. 1618 తర్వాతి కరువులోనూ, 1640ల కరువులోనూ జనం పిల్లల్ని, తమను తాము అమ్ముకున్నారు. బట్ట మోసిన వలందుల కంపెనీ ఓడలే వాళ్లనీ బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, మోశాయి. అక్కడ బానిసకు కొత్త పేరు పెట్టి, ఇంటిపేరు చోట 'ఫాన్ కోరమాండెల్' అని రాసేవారు. అంటే ఈ కోరమాండల్ తీరం నుంచి వచ్చినవాడని. శ్మశానంలో ప్రతి రాయి మీదా ఎవరి పేరు వాళ్లకుంది!

సాయంత్రం సరస్సు ఒడ్డుకు వెళ్లాను. తొడలోతు నీళ్లలో ఒకావిడ వంగి, తాటాకు బుట్ట తాడును పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులతో బురదలో రొయ్యల్ని తడుముతోంది. ఒకటి దొరకగానే తల కాస్త ఎత్తి బుట్టలో వేస్తుంది. వల లేదు, పడవా లేదు. గట్టెక్కాక మాట కలిపితే తెలుగే వచ్చింది.

"అక్కా, అరకిలో ఇస్తావా?"

"నేనియ్యకూడదయ్యా. ఆయన కాడ అడ్వాన్సు తీసుకున్నా. ఆయన్నే అడుగు."

"తిరిగిచ్చేస్తే?"

"యాడ్నించి తెచ్చి ఇచ్చేది?" అంటూ నవ్వి, నోట్లోంచి తాటాకు పీచు తీసి పారేసింది.

కాటా పక్కన కుర్చీలో కూర్చున్నాయన ఆ బుట్ట అందుకుని తూచాడు. ఆవిడ ముందే, ఆవిడ పట్టిన రొయ్యలే, అరకిలో ఆయన దగ్గర కొన్నాను.